నలభై ఒక్క నిమిషాలు ఒకే దరువు

గత నెలలో నేను పనిచేసిన ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పాత రికార్డింగులన్నీ విని జాబితా తయారు చేసే పనిలో కొత్తగా చేరిందట.

"సార్, మహబూబ్‌నగర్ వైపు చేసిన మర్ఫా రికార్డింగు ఒకటుంది. మీ సంతకం ఉంది. నలభై ఒక్క నిమిషాలు ఒకే దరువు వస్తోంది. మొదట ఐదు నిమిషాలు విన్నా, చివర ఐదు నిమిషాలు విన్నా తేడా లేదు. ఫైలు కరాబైందనుకుంటా. తీసేయమంటారా?"

"కరాబు కాలేదమ్మా. అంతసేపూ వాళ్లు అదే వాయించారు."

"ఎందుకు సార్?"

ఫోన్లో చెప్పే సంగతి కాదు, రాసి పంపిస్తానన్నాను. రాయడం మొదలుపెట్టాక, ఇది ఆ అమ్మాయి ఒక్కతికే కాదు, మైకు పట్టుకుని ఊళ్లకు వెళ్లబోయే పిల్లలందరికీ చెప్పాలనిపించింది. ఇందులో గొప్ప విషయమేమీ లేదు. నేను చేసిన ఒక తప్పు ఉంది.

మా ఇల్లు పాత నల్లగొండ జిల్లా చౌటుప్పల్‌లో. దాదాపు ముప్పై ఏళ్లు రోజూ బస్సులో పట్నం వెళ్లి, సౌండు రికార్డు చేసే ఉద్యోగం చేసి వచ్చాను. ఆ పనిలో రెండు భాగాలున్నాయి. పాడేవాళ్ల ముందు మైకు పెట్టడం ఒకటి, మిగతావాళ్లందర్నీ నోరు మూసుకోమనడం రెండోది. నాకు రెండోదే బాగా వచ్చు. ఇంట్లోనూ అంతే. నేను రికార్డింగు సరిచూసుకునేటప్పుడు మా ఆవిడ మిక్సీ ఆపేది, కుక్కరు దించేది, చివరికి మాట్లాడటమూ మానేసేది. "మీ నాయినకు ఊర్లోళ్ల పాటలు ఇనొస్తయి గని ఇంట్లోళ్ల మాటలు ఇనరావు" అని మా అమ్మాయి చెవిలో చెప్పేది. అదీ నాకు వినపడేది.

మా ఆవిడ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు మా ఇల్లు రికార్డింగుకు చాలా అనువుగా ఉంది.

తెలంగాణ వచ్చాక, జిల్లాలు విడగొట్టిన ఏడాది సంగతి ఇది. ఫారాల మీద పాత జిల్లా పేరు రాయాలా కొత్తది రాయాలా అని ఆఫీసులో ఎవరికీ తెలియని రోజులు. మా దగ్గర ఒక మేడమ్ ఉండేవారు. మానవశాస్త్రం చదివిన మనిషి. చిన్న వయసులో తూర్పు ఆఫ్రికా తీరాన ఒక పల్లెలో ఏడాదిపాటు ఉండి, అక్కడి డప్పులూ ఆటలూ రాసుకుని వచ్చారు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఒకప్పుడు సంస్థానంగా ఉన్న ఒక ఊళ్లో ఆఫ్రికా మూలాలున్న కుటుంబం ఒకటుందని ఆమెకు ఎవరో చెప్పారు. సంస్థానం గుర్రపు దళంలో పనిచేయడానికి వచ్చినవాళ్ల మునిమనుమలు. సిద్దీలంటారు వాళ్లని. మర్ఫా వాయిస్తారు. పట్నంలో పెళ్లి ఊరేగింపుల్లో వినే ఉంటారు, కర్రలతో కొట్టే గుండ్రటి డప్పులు, వాటి ముందు కర్రలు తిప్పుతూ ఆట. అయితే ఆ కుటుంబం దగ్గర పట్నంలో వినపడని పాత వరుస ఒకటి ఉందని మేడమ్ విన్నారు. ఒకదాని వెంట ఒకటి ఏడు దరువులు.

ఇద్దరం వెళ్లాం. జీపు రెండు రోజులకే ఇచ్చారు. రెండో రోజు మధ్యాహ్నానికల్లా తిరుగు ప్రయాణం.

ఆ ఇంటి పెద్దాయనకు డెబ్బై దాటాయి. పొడుగాటి మనిషి, తెల్లటి లాల్చీ. చాయ్ కప్పు పట్టుకుంటే కుడిచెయ్యి వణికేది. డప్పు కర్ర పట్టుకుంటే వణికేది కాదు.

"ఎన్నొద్దులు గిట్ల ఆగుతదో డాక్టరుకు ఎరుక లేదు సార్, నాకూ ఎరుక లేదు," అన్నాడు చెయ్యి వైపు చూస్తూ. "వచ్చే నెల మనుమని పెండ్లుంది. మా ఇంట్ల పెండ్లంటే బరాత్‌ల ఏడు దరువులూ పడాలె. మా తాత పెండ్లికి పడ్డయి, మా నాయినకు పడ్డయి, నాకు పడ్డయి. ఈళ్లకేమో రెండే వస్తయి."

ఈళ్లంటే ఆయన ఇద్దరు కొడుకులు. పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు ఇప్పుడు సినిమా పాటలే అడుగుతున్నారని, రెండు దరువులతో పని గడిచిపోతోందని వాళ్లు సంజాయిషీ ఇచ్చారు.

"మీరు మంచిగ పట్టుకోండ్రి. నా చెయ్యి పడిపోతె ఈళ్లు అది ఇని నేర్చుకుంటరు," అన్నాడు పెద్దాయన.

ఆయనకు కావలసింది అంతే. మాకు కావలసిందీ అదే. పని పాడుచేయడానికి కారణమేమీ లేదు. నేను తప్ప.

అంతకు ముందు నెల మేళ్లచెరువు దగ్గర ఒక పాట రికార్డు చేశాను. దాంట్లో సిమెంటు లారీల హారన్లు పడ్డాయి. మా పై అధికారి దాన్ని అందరి ముందూ పెట్టి వినిపించి, "లారీలు చాలా శ్రుతిలో ఉన్నాయండీ" అన్నాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు. ఈసారి చీమ చప్పుడు కూడా పడకూడదనుకున్నాను.

ఆ ఇంటి వాకిట్లో అడుగుపెట్టగానే మొదలుపెట్టాను. బోరు మోటారు ఆపించాను. టీవీ ఆపించాను. కోళ్లగంప వెనక్కి పంపించాను. డప్పులు కాచుకోవడానికి గడ్డితో చిన్న మంట వేశారు. చిటపటమంటోందని అదీ ఆర్పించాను. ఇద్దరు అల్లుళ్లు కాళ్లకు గుడ్డలు చుట్టుకుని, కర్రలు పట్టుకుని ఆటకు సిద్ధంగా నిలబడ్డారు. "మీరు ఇప్పుడు ఆడొద్దు, అడుగుల చప్పుడు పడుతుంది. ఆట తర్వాత విడిగా ఫోటోలు తీస్తాం," అన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని గోడకు ఆనుకున్నారు.

ఇక మిగిలింది ఒకామె. యాభై ఏళ్లుంటాయి. పిట్టగోడ పక్కన, చెంగు నడుముకు దోపుకుని నిలబడి, గొంతు సవరించుకుంటోంది.

"ఆవిడ మీ చుట్టమా?" అని అడిగారు మేడమ్.

"కాదమ్మా, పక్కింటామె. హాస్టల్‌ల వంట జేస్తది. ఆళ్లది చర్చికి పోయే ఇల్లు. ఆమె నాయిన డప్పు కొట్టేటోడు," అన్నాడు పెద్దాయన.

మేడమ్ ఫారం చూసుకున్నారు. కుటుంబంలో దిగివచ్చిన కళనే నమోదు చేయాలని అందులో ఉంది. బయటివాళ్లు కలిస్తే ఏది ఆఫ్రికాది, ఏది ఇక్కడిది అని తర్వాత తేల్చుకోలేమని ఆమె భయం. నాకు మాత్రం ఆ గొంతు సవరింపు ఒక్కటే వినపడుతోంది.

"అమ్మా, మీరు కాసేపు మీ ఇంటికి వెళ్లండి," అన్నాను.

"నేనేం జేస్తున్న సార్? ఊకె నిలబడ్డ."

"దగ్గు వచ్చినా మైకులో పడుతుందమ్మా."

"నాకు దగ్గు లేదు, దమ్ము లేదు. మీకెందుకు ఫికరు?" అని ఆమె పెద్దాయన వైపు చూసింది. ఆయన నేల వైపు చూశాడు.

"పో బిడ్డా. సార్లు జెప్తుండ్రు గదా."

ఆమె చెంగు దులిపి వెళ్లిపోయింది. వెళ్తూ గేటు గట్టిగా వేసింది. ఆ చప్పుడు రికార్డింగులో మొట్టమొదటే ఉంది. వింటే తెలుస్తుంది.

తర్వాత దరువు మొదలైంది. ఇంత నిశ్శబ్దమైన వాకిలి నా ఉద్యోగంలో ఎప్పుడూ దొరకలేదు. రెండు మర్ఫాలు, ఒక ఢోలు, బోర్లించిన స్టీలు బిందె మీద మనుమడు. ఒక్కో దెబ్బా విడివిడిగా, కడిగిన ముత్యంలా. సంతోషంతో కళ్లు మూసుకున్నాను.

ఐదు నిమిషాలైంది. పది. పదిహేను. మేడమ్ నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు. నేను వేలు గాలిలో గుండ్రంగా తిప్పాను. మా పనిలో దానర్థం, మిషను నడుస్తోంది, ఫరవాలేదు అని. వాయించేవాళ్లు నా వేలు చూసి ఇంకాస్త హుషారుగా కొట్టారు. ఇరవై నిమిషాలైంది. గోడకు ఆనుకున్న చిన్నల్లుడి బొటనవేలు దానంతటదే కదులుతోంది. దాని వైపు వేలు చూపించాను. కదలడం మానేసింది. మంట లేదు కనుక ఇరవయ్యో నిమిషం దాటాక తోలు మెత్తబడి శ్రుతి దిగింది. తేడా లేదంది కదా ఆ అమ్మాయి, ఆ ఒక్క తేడా ఉంది. ఓపికపట్టి వింటే దొరుకుతుంది.

ముప్పై నిమిషాలు. పెద్దాయన చెమటతో తడిసి, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. రెండో దరువు కోసం మేము ఆయన మొహం చూస్తున్నాం. నేను మర్యాదగా వేలు తిప్పాను. ఆయన మర్యాదగా వాయించాడు.

నలభై ఒకటో నిమిషంలో పెద్ద కొడుకు చెయ్యి కొంకర్లు పోయి కర్ర జారిపడింది.

"ఏడు దరువులన్నారు కదా?" అన్నారు మేడమ్.

"అవునమ్మా, ఏడే."

"మరి ఒక్కటే వాయించారు?"

"మార్చుమని ఎవ్వరు ఒర్రలేదు గదమ్మా."

"ఎవరు కేక వేయాలి?"

పెద్దాయన గడ్డంతో పిట్టగోడ వైపు చూపించాడు. "ఆమె. ఆమెను పొమ్మంటిరి. ఆమె బదులు మీరే ఒర్రుతరనుకున్న. పట్నం నుంచి వచ్చిండ్రు, ఆఫ్రికా గిట్ల చూసొచ్చిన్నంటిరి, అన్నీ ఎరుకే ఉంటయనుకున్న. సారేమో యేలు తిప్పుకుంట, కొట్టు కొట్టు అనవట్టె."

"ఇంక జరసేపైతె నన్ను దవాఖానకు తీస్కపోవాల్సొస్తుండె సార్," అన్నాడు పెద్ద కొడుకు చెయ్యి పిసుక్కుంటూ. అల్లుళ్లిద్దరూ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగారు. మేడమ్ కూడా నవ్వారు. చివరికి నేనూ నవ్వాను, కాకపోతే కొంచెం ఆలస్యంగా.

తర్వాత పెద్దాయన తీరిగ్గా చెప్పాడు. ముందు నిలబడి ఆడేవాళ్లలో ఒకరు అడుగులు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. చాలనుకున్నప్పుడు కేక వేస్తారు. ఒక్కో దరువుకు ఒక్కో రకం కేక. అది వినగానే వాయించే చేతులు మారతాయి. పూర్వం ఆ కేక పెద్దాయన అక్క వేసేది. పక్కింటామె చిన్నప్పటి నుంచి పిట్టగోడ దూకి వచ్చి ఆ అక్క వెనకే ఆడేది. అక్క పోయాక ఆ పని ఈమెదైంది. ఎవరూ అప్పగించలేదు.

"చెయ్యి మాది, లెక్క ఆమెది," అన్నాడు. "వరుస ఏందని అడిగితె నేను చెప్పలేను సార్. ఆమె ఒర్రితె చెయ్యి అదే మారుతది."

మేడమ్ ఫారం మడిచి సంచిలో పెట్టారు. తర్వాత, "ఆఫ్రికాలో నేనున్న పల్లెలో నాకు మొదటి వారమే చెప్పారండీ. వాళ్లకు డప్పుకూ ఆటకూ ఆ ఆటకు కూడిన జనానికీ ఒకటే మాట. ఏడాది కూర్చుని నేర్చుకున్నది ఇక్కడ ఒక్క పూటలో మరిచిపోయాను," అన్నారు.

సాయంత్రం ఇద్దరం పక్కింటికి వెళ్లాం. ఆమె అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"పొరపాటైందమ్మా. రేపు మీరు రావాలి," అన్నారు మేడమ్.

"నేనెందుకమ్మా? నేను దగ్గుత. నా దగ్గు మీ మిషిన్ల పడ్తది."

"పడనీ," అన్నాను నేను.

ఆమె అప్పుడు తల ఎత్తి చూసింది. "గిప్పుడు పడనీ అంటున్నవు గని పొద్దుగాల కోళ్లను గూడ గంప కింద కమ్మించి పంపితివి గద సారూ. ఇంట్ల నీ పెండ్లాం ఒర్రితె ఏమంటవు?"

"మా ఇంట్లో ఒర్రడం ఉండదమ్మా," అన్నాను.

"అయ్యో! మరి ఎట్ల బతుకుతరు?"

ఆమె చాట పక్కన పెట్టి, "రేపు పొద్దుగాల పిల్లలకు ఉప్మా పెట్టాలె. తొమ్మిదింటిదాంక హాస్టల్‌లనే ఉంట. అయినంక వస్త. చాచా కోసం వస్త, మీ కోసం గాదు. ఆయన చెయ్యి నాకు ఎరుకే," అంది.

మర్నాడు తొమ్మిదిన్నరకు వచ్చింది. గడ్డిమంట మళ్లీ వేశారు. కోళ్లు వాటంతటవే వచ్చాయి. అల్లుళ్లు ముందు నిలబడ్డారు. వాళ్ల మధ్యలో ఆమె. చెప్పులు విడిచి, చెంగు దోపుకుని, పెద్దాయన వైపు చూసి, "ఇగ కొట్టు చాచా," అంది.

నిన్న నేను విన్నది ఈ దరువే. కానీ నిన్నది నిలబడిన గుర్రం, ఈ రోజుది నడిచేది. అంతకంటే బాగా చెప్పలేను. ఆమె భుజాలు కదిలిస్తూ, చిన్న చిన్న అడుగులు వేస్తూ వాకిలి చుట్టూ తిరిగింది. నాలుగో నిమిషంలో తల వెనక్కి వేసి మొదటి కేక వేసింది. నా మిషను ముల్లు ఎర్రగీత దాటి అవతలి గోడకు కొట్టుకుంది. హెడ్‌ఫోన్లు లాగేశాను. నా చెవి గుయ్‌మంటుండగానే నాలుగు జతల చేతులూ ఒక్కసారి మారాయి. రెండో కేకతో, కొడుకులకు రాదన్న మూడో దరువు వాళ్ల చేతుల్లోకి వచ్చింది. తమ చేతులను తామే వింతగా చూసుకున్నారు. చిన్నతనంలో ఎన్నిసార్లు విన్నారో, ఏ మూల దాక్కుందో.

ఏడూ పడ్డాయి. ముప్పై ఎనిమిది నిమిషాలు. ఏడో దరువు చివర పెద్దాయన కర్ర కింద పెట్టగానే చెయ్యి మళ్లీ వణకడం మొదలైంది. ఆమె వచ్చి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, "అయిపాయె చాచా, అన్నీ పట్టుకుండ్రు," అంది. పట్టుకున్నామా లేదా అన్నట్టు నా వైపు చూసింది. తల ఊపాను. ఈసారి వేలు తిప్పలేదు.

ఫారంలో ఆమె పేరు రాశాం. కుటుంబం అన్న గడిలో పెద్దాయన కుటుంబమే రాయమన్నాడు. వాయిద్యం అన్న గడిలో మేడమ్ "కేక" అని రాశారు. రెండు వారాల తర్వాత ఆఫీసు పైఅంతస్తు నుంచి ఆ ఫారం వెనక్కి వచ్చింది. "కేక" చుట్టూ ఎర్ర సిరా, పక్కన "సరిచేయండి". మేడమ్ సరిచేశారు. "కేకలు, ఏడు రకాలు" అని రాసి పంపారు. మళ్లీ రాలేదు.

రికార్డింగు కాపీ బయటికి ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. పెన్‌డ్రైవులో వేసి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను. ఇప్పుడు రిటైరయ్యాను కనుక చెబుతున్నాను.

మరుసటి నెల పెళ్లికి పిలుపు వచ్చింది. మా ఆవిడను రమ్మన్నాను. నా పని చోటుకు ఎప్పుడూ తీసుకెళ్లలేదు. "నేనొస్తె చప్పుడైతది గదా?" అంది. పోచంపల్లి చీర కట్టుకుని బయల్దేరింది. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది.

బరాత్ సాయంత్రం నాలుగింటికి కదిలింది. పెద్దాయన వాయించలేదు. చెయ్యి అప్పటికే ఆయన మాట వినడం మానేసింది. ఆయన్ని కుర్చీ వేసిన ఆటోట్రాలీలో కూర్చోబెట్టి వెనకాల మెల్లగా నడిపారు. కొడుకులు వాయిస్తున్నారు. నెల రోజులు పెన్‌డ్రైవు విని, పక్కింటామె చేత తిట్లు తిని నేర్చుకున్నారట. ఆమె ముందు ఆడుతోంది. ఆడవాళ్ల గుంపులో మా ఆవిడ. నా దగ్గర మిషను లేదు. జేబులో ఫోన్ ఉంటే తీసి పట్టుకున్నాను.

రెండు దరువులు సక్రమంగా పడ్డాయి. మూడోది సగంలో ఉండగా, గుంపులోంచి సన్నగా, గట్టిగా ఒక కేక లేచింది. పక్కింటామెది కాదు. చేతులు ఒక్క క్షణం తడబడి, నాలుగో దరువులోకి మారిపోయాయి.

పక్కింటామె గిర్రున తిరిగింది. "ఎవలు? ఎవలు ఒర్రిండ్రు? ఇంక సగం అడుగులున్నయి!"

మా ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది.

"నేను గాదు చాచా!" అని పక్కింటామె ట్రాలీ వైపు అరిచింది. "గీ నల్లగొండక్క ఒర్రింది!"

కొడుకులు వాయిస్తూనే తండ్రి వైపు చూశారు. వెనక్కి వెళ్లాలా అని. ఈ ఏడు దరువుల కోసమే ఆయన ఇన్నాళ్లు ప్రాణం ఉగ్గబట్టుకున్నాడు. మా ఇంటి మనిషి అందులో ఒకదాన్ని సగానికి కోసేసింది.

పెద్దాయన కుర్చీలో ముందుకు వంగి మా ఆవిణ్ని చూశాడు. పెద్దగా నవ్వాడు. "ఒర్రింది గదా, ఇంక మారుడే! ఎనకకు ఎవలన్న పోతరా? కొట్టుండ్రి!"

కొట్టారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ఏడోది పెళ్లికూతురి గుమ్మం ముందు పడింది. పక్కింటామె ఆ చివరి కేక వేసేటప్పుడు మా ఆవిడ చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కుంది. ఇద్దరూ కలిసే వేశారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "ఊకె నోట్లకెల్లి వచ్చిందయ్యా. ఎట్ల వచ్చిందో తెల్వదు," అని మూడుసార్లు చెప్పింది. మూడోసారి నవ్వింది.

పెద్దాయన మరుసటి ఏడాది పోయాడు. కొడుకులు ఇప్పుడు ఏడూ వాయిస్తారు. పక్కింటామె తన కూతురికి లెక్క నేర్పుతోంది. మూడో దరువు సగంలోనే మార్చడం వాళ్ల వాకిట్లో అలవాటైపోయిందని, దాన్ని నల్లగొండక్క కేక అంటారని పెద్ద కొడుకు ఫోన్లో చెప్పాడు. రేపు ఎవరైనా మేడమ్ ఫారం పట్టుకుని వెళితే, ఏది ఆఫ్రికాది, ఏది ఇక్కడిది అని తేల్చడం ఇంకాస్త కష్టమవుతుంది.

అందుకని, అమ్మా, ఆ ఫైలు తీసేయకు. పక్కనే రెండో రోజుది ఉంటుంది, రెండూ కలిపి ఉంచు. మొదటిదాని వివరాల్లో "రికార్డిస్టు తప్పు వల్ల కేక లేదు" అని రాయి. నా సంతకం ఎలాగూ ఉంది.

ఫోన్లో తీసింది మాత్రం ఆఫీసుకు ఇవ్వలేదు. దాంట్లో ఆటో హారను ఉంది, కోడి ఉంది, ఎవరో పిల్లవాడి ఏడుపుంది. ఏదీ కోయలేదు. అప్పుడప్పుడు పెట్టుకుంటాను. పన్నెండో నిమిషంలో మా ఆవిడ గొంతు వస్తుంది, దరువు మారుతుంది. అక్కడ ఆపను. మిగతా నాలుగూ అయ్యేదాకా వింటాను.